ఒక్కసారి వింటే చాలట!

మన ఊళ్ళో ఒక మనిషి గొప్పవాడని తేలేది రెండే సందర్భాల్లో. ఒకటి సన్మానం, రెండోది సంతాపసభ. శాలువా కప్పే ముందో, పటానికి దండ వేసే ముందో ఒక మాట మైకులోంచి తప్పకుండా వినపడుతుంది: "వీరు చిన్ననాటి నుంచే ఏకసంథాగ్రాహి." వక్త ఆ మాట అనగానే ముందు వరుసలో కూర్చున్న బాల్యమిత్రుడు తల దించుకుని దగ్గుతాడు. ఏడో ఎక్కం దగ్గర వీరు ఎన్ని బెత్తం దెబ్బలు తిన్నారో ఆయన కళ్ళారా చూశాడు. అయినా నోరు మెదపడు. వచ్చే నెలలో ఆయన సన్మానం ఉంది.

ఒకప్పుడు ఆ మాటకు కాస్త పరువుండేది. ఇప్పుడు అడిగినవాడికీ అడగనివాడికీ పంచుతున్నారు. సినిమా వేదిక మీద దర్శకుడు "మా హీరోయిన్ ఏకసంథాగ్రాహి అండీ, డైలాగు ఒక్కసారి వింటే చాలు" అంటాడు. కెమెరా పక్కన నిలబడి ప్రతి ముక్కా అందించిన అసిస్టెంటు డైరెక్టరూ, ఆ ముక్కలకు గొంతు అరువిచ్చిన డబ్బింగు అమ్మాయీ కింద కూర్చుని చప్పట్లు కొడతారు. పెళ్ళిళ్ళ పేరయ్య జాతకాల సంచీ విప్పుతూ "కుర్రాడు ఏకసంథాగ్రాహి. అందుకే ఏ కంపెనీలోనూ ఏడాది మించి ఉండడు, అక్కడ నేర్చుకోవాల్సింది అప్పటికే అయిపోతుంది" అంటాడు. పొద్దున ప్రమాణం చేసిన మంత్రిగారు సాయంత్రం సమీక్ష ముగిసేసరికి "శాఖపై పూర్తి పట్టు సాధించారు" అని మర్నాటి పేపర్లో వస్తుంది. ఏ శాఖ ఇచ్చారో చూసుకుందామని ఆయన కాగితం వెతుక్కుంటున్న ఫొటో మాత్రం రాదు.

నన్నడిగితే ఈ బిరుదుకు నూటికి నూరుపాళ్ళూ తగినవాళ్ళు పార్టీ మారిన ఎమ్మెల్యేలు. నిన్న సాయంత్రం దాకా దుమ్మెత్తిపోసిన నాయకుడి దూరదృష్టి, ఆయన తండ్రిగారి త్యాగం, ఆయన పథకాల పేర్లు, ఆ పథకాల లబ్ధిదారుల లెక్కలు, అన్నీ మెడలో కండువా పడేలోపే కంఠతా వచ్చేస్తాయి. ఎక్కడా తడుముకోరు. పాత పాఠం మర్చిపోవడానికి కూడా వాళ్ళకు రెండో సంథ అక్కర్లేదు.

సంథ అన్నాను కాబట్టి ఆ సంగతి చూద్దాం. వేదపాఠశాలలో గురువు పనస అనే వేదభాగంలో కొంత ముక్క అంటాడు, శిష్యులు స్వరంతో సహా దాన్ని తిరిగి అంటారు. అది సంథ చెప్పించుకోవడం. పుస్తకం చూడని చదువు. నోరే కలం, చెవే కాగితం. అలా ఒకే సంథలో పాఠం పట్టేసినవాడు ఏకసంథాగ్రాహి. రెండు కావలసినవాడు ద్విసంథాగ్రాహి, మూడు కావలసినవాడు త్రిసంథాగ్రాహి. మూడోవాడికి కూడా పేరు పెట్టారు చూడండి, "మొద్దు" అనలేదు. మూడు సంథలతో నేర్చుకోవడమూ ఒక యోగ్యతే అనుకున్న కాలం అది. మనం ఆ ముగ్గురిలో ఒక్కణ్ణి మాత్రం ఉంచుకుని మిగతా ఇద్దరినీ నిఘంటువులోంచే తరిమేశాం. ఏ సంతాపసభలోనైనా "కీర్తిశేషులు త్రిసంథాగ్రాహి" అనే మాట విన్నారా?

అసలు తమాషా ఇంకోటుంది. ఈ మాటను పుట్టించిన బడి ఈ మాటను నమ్మలేదు. ఒక్కసారి విని పట్టేశావు కదా, ఇంక ఇంటికి వెళ్ళు అని ఏ గురువూ అనలేదు. పట్టేసినవాడు కూడా తెల్లారుజామున లేచి మిగతావాళ్ళతో పాటు వల్లె వేయాల్సిందే. సంహిత అయ్యాక పదం, పదం అయ్యాక క్రమం, ఆపైన జట, ఆపైన ఘన. ఘన చెప్పే పద్ధతి వింటే ఒక్కసారి వినడం మీద మనవాళ్ళకున్న నమ్మకం ఎంతో తెలిసిపోతుంది. మొదటి పదం, రెండో పదం. వెంటనే రెండు, ఒకటి. తర్వాత ఒకటి, రెండు, మూడు. మళ్ళీ మూడు, రెండు, ఒకటి. ఇంకోసారి ఒకటి, రెండు, మూడు. ఇంత చేసి ముందుకు జరిగేది ఒక్క పదం మేర. ఏళ్ళకేళ్ళు అలా తిప్పి తిప్పి చెబితేగాని ఘనపాఠి కాలేడు. వేల ఏళ్ళుగా అక్షరం పోకుండా నిలిచిందని 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయాన్ని మానవాళి వారసత్వంగా ప్రకటించిందంటే, దాన్ని నిలిపింది ఈ తిప్పడమే. ఏకసంథాగ్రాహులు ఆ బళ్ళకు నగలు. గోడలు కట్టింది మాత్రం వల్లె వేసినవాళ్ళు.

పోనీ మన కథల్లో ఏకసంథాగ్రాహికి దొరికిన ఉద్యోగం ఏమిటో గుర్తుందా? భోజరాజు కొలువు. కొత్త శ్లోకం చెప్పినవాడికి లక్ష బహుమానమని చాటింపు. పాపం ఎక్కడెక్కడి కవులో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి శ్లోకం చదువుతారు. సభలో ఒక ఏకసంథాగ్రాహి, ఒక ద్విసంథాగ్రాహి, ఒక త్రిసంథాగ్రాహి వరసగా కూర్చుని ఉంటారు. కవి చదవగానే మొదటివాడు లేచి "ఇది పాతదే ప్రభూ" అని గడగడా అప్పజెబుతాడు. రెండుసార్లు విన్నాడు కాబట్టి రెండోవాడికి వచ్చేస్తుంది, ఆ ఇద్దరి పుణ్యమా అని మూడోవాడికి కూడా. ముగ్గురు సాక్షులు, ఒక ముద్దాయి. కవి కట్టుబట్టలతో ఇంటికి. చివరికి కాళిదాసు వచ్చి, మీ నాన్నగారు మాకు తొంభైతొమ్మిది కోట్ల రత్నాలు బాకీ ఉన్నారు, ఈ సంగతి మీ పండితులందరికీ తెలుసు అనే అర్థంతో శ్లోకం చెప్పి ముగ్గురి నోళ్ళూ ఒక్క దెబ్బకు మూయించాడు. పాతదంటే బాకీ కట్టాలి, కొత్తదంటే లక్ష ఇవ్వాలి. కాళిదాసుకూ భోజుడికీ మధ్య కొన్ని వందల ఏళ్ళున్నాయని చరిత్ర తెలిసినవాళ్ళు అడ్డొస్తారు. రానివ్వండి. కథ కట్టినవాడికి తెలిసిన అసలు సంగతి వాళ్ళు కాదనలేరు. జ్ఞాపకశక్తి చూపించి ఎదుటివాడి కష్టాన్ని సొంతం చేసుకోవడం మన దగ్గర రాజపోషణ ఉన్న వృత్తి.

ఆ కొలువు మూతపడిందని ఎవరన్నారు? మే, జూన్ నెలల్లో విజయవాడలోనో హైదరాబాదులోనో పెద్దరోడ్డు మీద కాస్త తలెత్తి నడవండి. మొదటి హోర్డింగు మీద ఒక పిల్ల ఫొటో, పక్కన ర్యాంకు. కొంచెం ముందుకెళ్తే ఇంకో కాలేజీ హోర్డింగు మీద అదే పిల్ల, అదే ర్యాంకు, చొక్కా రంగు మాత్రం మార్చారు. ఆ పై చౌరస్తాలో మూడో కాలేజీ. ఒకరి దగ్గర చదివింది, ఒకరి దగ్గర టెస్టులు రాసింది, మూడోవాళ్ళ దగ్గర ఉచితంగా ఇచ్చిన మోడల్ పేపర్ తీసుకుంది. ముగ్గురూ లేచి "ఇది మాదే ప్రభూ" అంటున్నారు. ఈ జాడ్యం దేశమంతటా ముదిరి, 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల కోసమే ప్రత్యేకంగా మార్గదర్శకాలు తేవాల్సి వచ్చింది. ఫలితం వచ్చాక పిల్లల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోనిదే ఫొటో వేయకూడదట. ఆ పిల్ల చేరింది ఏ కోర్సో, ఎంతకాలమో, డబ్బు కట్టి చేరిందో లేదో కూడా చెప్పాలట. ఫొటో ఉన్న సైజులోనే ఆ ముక్కా వేయాలని పట్టుబడితే సగం హోర్డింగులు ఖాళీ.

ఇక టీవీ ప్రకటన. తెలుగింట పుట్టినవాడెవడూ తప్పించుకోలేని పఠనం అది. ఫలితాలొచ్చిన రాత్రి వార్తల మధ్యలో ఒక గొంతు ఊపిరి తీసుకోకుండా అందుకుంటుంది: ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు, మూడు, నాలుగు, అయిదు, అయిదు, ఆరు... ఇల్లంతా ఆ నాదంతో మారుమోగుతుంది. ఘనపాఠం అంతరించిపోతోందని బాధపడే పెద్దలు దయచేసి ఆ వేళకు టీవీ పెట్టుకోవాలి. ఓపెన్, ఓబీసీ, రాష్ట్రం, జిల్లా, సబ్జెక్టు, అమ్మాయిలు, అబ్బాయిలు అని విభజించుకుంటూ పోతే ఒకటో ర్యాంకు ఎంతమందికైనా వస్తుంది. ఎంసెట్టుకు పేరు మార్చి ఈఏపీసెట్ అన్నారు గాని పఠనంలో ఒక్క స్వరం మారలేదు.

ఆ ప్రకటనలో మెరిసే కుర్రాణ్ణి చూపించి అమ్మ అంటుంది, "చూడరా, ఏకసంథాగ్రాహి." ఆ కుర్రాడి దినచర్య ప్రకటనలో రాదు. తెల్లారకముందే గంట. ముఖం కడుక్కునేలోపు స్టడీ అవర్. టిఫిన్ తర్వాత క్లాసులు, భోజనం తర్వాత క్లాసులు, చీకటి పడ్డాక మళ్ళీ స్టడీ అవర్, నిద్ర ముంచుకొచ్చే దాకా. డైలీ టెస్టు, వీకెండ్ టెస్టు, క్యుములేటివ్ టెస్టు, గ్రాండ్ టెస్టు. ఒకే లెక్కను అంకెలు మార్చి, అక్షరాలు మార్చి, తలకిందులుగా, అడ్డంగా, ఆ కుర్రాడి కలలోకి వచ్చేదాకా చేయిస్తారు. శతసంథాగ్రాహి అనాలి వాణ్ణి. వాడి కష్టానికి అది గౌరవం కూడా. కాని మార్కెట్లో "వంద సార్లు చేయించాం" అన్న మాటకు రేటు లేదు. "మావాడు ఒక్కసారి వింటే చాలు" అన్నదానికే ఉంది. సంథకు ఒత్తు తీసేసి సంత చేశారని ఒక పాత తెలుగు మాస్టారు గొణుక్కుంటూ ఉంటారు. ఆయన గొణుగుడు ఎవరూ రెండోసారి వినరు.

నిజంగానే ఒక్క సంథతో పని జరిపించిన ఘటన ఈమధ్య దేశంలో లేకపోలేదు. 2024 నీట్‌లో మొదట ప్రకటించిన ఫలితాల ప్రకారం 67 మందికి 720కి 720 వచ్చాయి. దేశం నోరు తెరిచి ఆహా అనేలోపు గ్రేసు మార్కులు, ఫిజిక్స్ ప్రశ్న ఒకదానికి రెండు జవాబులు, ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి సవరణలయ్యాక ఆ లెక్క 17కు దిగింది. పాట్నాలో కొందరు అభ్యర్థుల్ని ఒకచోట కూర్చోబెట్టి, పరీక్షకు ముందే ప్రశ్నలూ జవాబులూ వల్లె వేయించారని దర్యాప్తు సంస్థలు చెప్పాయి. గురువు సమక్షంలో, నోటికి వచ్చేదాకా. పద్ధతి శుద్ధ వైదికం. దక్షిణ మాత్రం లక్షల్లో.

మన ఇళ్ళలో ఈ పిచ్చి కాలేజీతో మొదలవదు. పసిగుడ్డు నాలుకకు వసకొమ్ము అరగదీసి రాయడంతో మొదలవుతుంది. త్వరగా మాటలొస్తాయట. కాస్త ఎక్కువైతే వసపిట్టవుతాడు, అది వేరే గొడవ. ఆపైన సరస్వతి ఆకు, దాని లేహ్యం, బాసరలో అక్షరాభ్యాసం. ఇక్కడి దాకా నాకు ఏ పేచీ లేదు. ఆకు తింటే నష్టం లేదు, గోదావరి ఒడ్డున పలక మీద ఓనమాలు దిద్దడం కన్నులపండువ. తర్వాతి మెట్టు దగ్గరే అసలు దోపిడీ. కొన్నేళ్ళ కిందట ఊరూరా మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అని బోర్డులు లేచాయి. పిల్లల కళ్ళకు గంతలు కడతారు, వాళ్ళు వేళ్ళతో తడిమి రంగులు చెబుతారు, అక్షరాలు చదువుతారు. అమ్మానాన్నల కళ్ళలో ఆనందబాష్పాలు, చేతిలో రసీదు. హేతువాదులు వచ్చి ముక్కు పక్కన సందు కూడా మూయమనేసరికి జాగృతమైన మెదడు మళ్ళీ పడుకుంది. ఆ పిల్లలు నేర్చుకున్నది ఒకటి ఉంది లెండి, గంతల కిందనుంచి చూడటం. పెద్దయ్యాక పనికొస్తుంది. పెద్దల కళ్ళకు కట్టిన గంతలకు మాత్రం సందు లేదు.

అమెరికా వెళ్ళినా మనవాళ్ళ నోట ఈ మాట వాడిపోలేదు. అక్కడ స్పెల్లింగ్ బీ ఉంది. 2019లో స్క్రిప్స్ పోటీలో నిర్వాహకుల దగ్గరున్న కఠినమైన మాటలు పిల్లలను ఆపలేకపోయాయి, ఎనిమిది మందిని కలిపి విజేతలుగా ప్రకటించారు. అందులో ఏడుగురు భారత సంతతి. ఆ పోటీకి వెళ్ళే పిల్లలు ఏళ్ళ తరబడి మాటల జాబితాలు నూరతారు, గ్రీకూ లాటినూ ధాతువులు తవ్వుతారు, పెద్ద నిఘంటువు పేజీలు అరిగిపోయేలా తిప్పుతారు. తెలుగు సంఘం వాళ్ళ వేదిక మీదికి వచ్చేసరికి ఆ కష్టమంతా ఒక్క మాటలో మాయం: "చిరంజీవి ఏకసంథాగ్రాహి." పిల్లవాడికి తెలుగు రాదు కాబట్టి నవ్వుతూ నిలబడతాడు. అర్థమై ఉంటే అభ్యంతరం చెప్పేవాడే.

ఇదంతా ఉత్త పొగడ్త అయితే నేను ఇంత సిరా ఖర్చుపెట్టను. పొగడ్తకు మనవాళ్ళు ఎప్పుడూ పొదుపు చేయలేదు, చేయాలని నేనూ కోరను. కాని ఈ పొగడ్తకు ఇంకోవైపు ఒక నింద ఉంది, అది పైకి అనరు. ఒక్కసారి వింటే వచ్చేయడం గొప్ప అని రాత్రింబవళ్ళు చెప్పాక, రెండోసారి అడిగినవాడు ఎవడు? మొద్దు. మట్టిబుర్ర. "ఇందాకే చెప్పాను కదా, చెవులెక్కడ పెట్టావు?" క్లాసులో డెబ్బై మంది ఉంటే మాస్టారు బోర్డు వైపు తిరిగి లెక్క చేసేసి, డస్టరుతో తుడిచేస్తూ "డౌట్స్?" అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు రాకూడదని ఆయన గొంతులోనే ఉంటుంది. ముందు బెంచీలో ఇద్దరు "నో సర్" అంటారు. మిగతా అరవై ఎనిమిది మందికీ ఆ ఇద్దరి నోటితోనే అర్థమైపోయినట్టు లెక్క.

ఏకసంథాగ్రాహి వల్ల అందరికంటే లాభపడేది అతడు కాదు, అతడికి పాఠం చెప్పే మాస్టారు. శిష్యుడికి ఒక్కసారి చెబితే వచ్చేసిందంటే గురువు బాగా చెప్పాడనా, ఎలా చెప్పినా వచ్చేదనా? ఆ ప్రశ్న ఎవరూ అడగరు. రాని పిల్లకు రెండో దారిలో, మూడో ఉదాహరణతో, అవసరమైతే రేపు పొద్దున మళ్ళీ చెప్పడానికే కదా మాస్టారికి జీతం! మన కాలేజీలు ఈ చిక్కును చాలా తెలివిగా విప్పుకున్నాయి. ఎలాగూ వచ్చేసే పిల్లల్ని టెన్త్ మార్కులు చూసి ఏరుకొస్తాయి, ఫీజు రాయితీ ఇచ్చి స్టార్ బ్యాచ్‌లో కూర్చోబెడతాయి, మంచి లెక్చరర్లను వాళ్ళకే వేస్తాయి. రాని పిల్లల దగ్గర పూర్తి ఫీజు తీసుకుని చివరి సెక్షన్లో కూర్చోబెడతాయి. మందు అక్కర్లేనివాళ్ళకు డాక్టరు, జబ్బుపడినవాళ్ళకు బిల్లు.

చివరి సెక్షన్ పిల్లల సంగతి నవ్వుతూ రాయడం నాకు చేతకాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు తప్పు చదివింది పిల్లలు కాదు, లెక్క కట్టిన యంత్రాంగం. ఒక అమ్మాయికి తెలుగులో 99 రావాల్సింది సున్నా పడింది. గందరగోళమంతా తేలేలోపు ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మళ్ళీ రాసుకోవచ్చు, మళ్ళీ దిద్దించుకోవచ్చు అన్న మాట వాళ్ళ చెవిన గట్టిగా వేసిన పెద్దవాడు ఒక్కడుంటే ఎంతమంది ఆగిపోయేవాళ్ళో. మన ఇళ్ళలో ఆ "మళ్ళీ" అనే మాటే బూతు అయి కూర్చుంది.

దీని మీద ప్రభుత్వానికి సంథ చెప్పినవాళ్ళు లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదా రెడ్డి కమిటీ చెప్పింది. విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి కమిటీ చెప్పింది. పిల్లలను అన్నేసి గంటలు కుదేయకండి, ఆదివారం వదలండి, ఆడుకోనివ్వండి అన్నదే మొత్తం మీద సారం. అర్థం కావడానికి ఏ ఘనాపాఠీ అక్కర్లేదు. రెండు సంథలయ్యాయి. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే రెండయింది, నేర్చుకోవాల్సినవాడు ఇంకా కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. వాణ్ణి ఏ సెక్షన్లో వేయాలో విద్యాశాఖ వారే చెప్పాలి.

ఏకసంథాగ్రాహి అనగానే పాత పుస్తకాలు తిరగేసేవాళ్ళకు గుర్తొచ్చేది వరరుచి. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఈ సంగతి విపులంగా ఉంది. వర్షుడనే ఆయనను ఊరంతా మూర్ఖుడనుకుంటుంది. ఆయనకు కుమారస్వామి అనుగ్రహంతో సమస్త విద్యలూ వస్తాయి, కాని ఒక షరతు: ఒక్కసారి విని పట్టగలిగేవాడు దొరికితేనే నోరు విప్పాలి. వ్యాడి, ఇంద్రదత్తుడు అనే ఇద్దరు కుర్రాళ్ళు ఆయన దగ్గర చదువుకోవాలని ఊళ్ళు తిరిగి తిరిగి వరరుచిని వెతికి పట్టుకుంటారు. వరరుచికి ఒక్కసారి చాలు, వ్యాడికి రెండు, ఇంద్రదత్తుడికి మూడు. గురువు ఒకసారి చెబుతాడు, వరరుచి పట్టుకుని అప్పజెబుతాడు, అది విని వ్యాడి అందుకుంటాడు, వాళ్ళిద్దరిదీ విని ఇంద్రదత్తుడు. భోజుడి కొలువులో కవుల నోరు కొట్టడానికి వాడిన వరసే ఇదీ, చూడండి. ఇక్కడ మాత్రం దానితో ముగ్గురికి చదువొచ్చింది. మొదటివాడి గొప్ప మూడోవాడికి అందింది. ఇప్పటి కాలేజీలో అయితే వరరుచి స్టార్ బ్యాచ్‌కు పోయేవాడు, ఇంద్రదత్తుడు వేరే క్యాంపస్‌కు.

ఆ కథలో ఇంకో శిష్యుడున్నాడు. అతని గురించి సన్మానసభల్లో ఎవరూ చెప్పరు. వర్షుడి దగ్గరే చదివాడు, బుద్ధి మందం. ఎంత చెప్పినా రాలేదు, గురువుగారింట్లో చాకిరీ చేసి చేసి అలిసిపోయాడు. గురుపత్ని అతణ్ణి పంపించేసింది. మన భాషలో టీసీ ఇచ్చారు. అతడు హిమాలయాలకు వెళ్ళి తపస్సు చేసి శివుడి దగ్గర కొత్త వ్యాకరణం సంపాదించుకుని తిరిగొచ్చాడు. వచ్చి ఏకసంథాగ్రాహి వరరుచినే వాదానికి పిలిచాడు. ఏడు రోజులు నడిచింది. ఎనిమిదో రోజు వరరుచి గెలుస్తుండగా ఆకాశంలోంచి శివుడు ఒక్క హుంకారం చేశాడు. అంతే, వరరుచి పక్షం వాళ్ళు నమ్ముకున్న ఐంద్ర వ్యాకరణం భూమ్మీద లేకుండా పోయింది, అంతా మళ్ళీ మూర్ఖులైపోయారు. ఈ మాట స్వయంగా వరరుచి నోటితోనే చెప్పించాడు సోమదేవుడు. ఓడించిన ఆ మందబుద్ధి పేరు పాణిని. చరిత్రలో పాణిని నిజంగా మొద్దో కాదో నాకు అనవసరం. మన పూర్వుడొకడు కూర్చుని కథ అల్లేటప్పుడు లోకంలోకెల్లా గొప్ప వ్యాకరణం రాసినవాణ్ణి చివరి బెంచీలో కూర్చోబెట్టాలనుకున్నాడు, అదీ విషయం. ఆ కథను మనం వరరుచి దాకా చదివి పుస్తకం మూసేశాం.

ఈ ఏడు కూడా పదో తరగతి పరీక్షలు ముగియకముందే కాలేజీల పీఆర్వోలు చేతిలో కరపత్రాలతో ఇళ్ళకు దిగారు. మా వీధిలో ఒకాయన ఇంటి అరుగు మీద జరిగిన బేరం ఇది.

"మేడమ్, మీ బాబును మాకప్పగించండి. మా ఫ్యాకల్టీ చెబితే ఒక్కసారికే బుర్రలోకి ఎక్కిపోవాలంతే. అందరూ ఏకసంథాగ్రాహులే మా దగ్గర."

"మావాడు కాస్త నెమ్మది బాబూ," అంది ఆవిడ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "నెమ్మదిగా వస్తుంది గాని వచ్చింది పోదు. ఒక్కసారికి అర్థం కాకపోతే మళ్ళీ చెబుతారా?"

పీఆర్వో కరపత్రం వెనక్కి తిప్పి చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు.

"ఎందుకు చెప్పమండీ! దాన్ని లాంగ్ టర్మ్ అంటారు. ఇంటర్ అయ్యాక ఇంకో ఏడాది. ఫీజు వేరే."